155.52ని 2.048తో భాగిస్తే దాదాపు 76 వస్తోంది, మరి 63 దగ్గరే ఎందుకు ఆగాలి?

కొత్త_స్ప్లైసర్ | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదలు. ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే పని నుంచి ట్రాన్స్‌మిషన్‌లోకి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. తప్పుగా అడిగితే తిట్టకండి.

మా కస్టమర్ దగ్గర పాత పీడీహెచ్ (ఎస్‌డీహెచ్‌కు ముందు తరం డిజిటల్ ట్రాన్స్‌మిషన్) సామాన్లు ఉన్నాయి. రాగి తీగల మీద కొన్ని, రేడియో మీద కొన్ని, మొత్తం 68 ఈ1లు (ఒక్కోటి 2.048 ఎంబీపీఎస్ లైను) నడుస్తున్నాయని వాళ్ల రిజిస్టర్‌లో ఉంది. అన్నిటినీ ఫైబర్ రింగ్ మీదికి మార్చాలి. ఫైబర్ మీద నడిచే ఎస్‌డీహెచ్‌లో మొదటి మెట్టు ఎస్‌టీఎం-1, 155.52 ఎంబీపీఎస్. క్యాలిక్యులేటర్ తీసి ఆ 155.52ని 2.048తో భాగించాను. 75.94 వచ్చింది. 68కి ఒక్క ఎస్‌టీఎం-1 చాలు, పైగా మిగులు కూడా ఉందని కొటేషన్ రాసి పంపేశాను. మా సీనియర్ చూసి "63రా బాబూ" అని నవ్వి భోజనానికి వెళ్లిపోయారు. మళ్లీ అడిగితే "చదువుకో" అన్నారు.

మిగతా 13 ఎక్కడికి పోయాయి? గురువారం కస్టమర్‌తో మీటింగ్. టెన్షన్‌గా ఉంది.

ఓఎఫ్‌సీ_రాజా | సోమవారం రాత్రి 9:51

68 పట్టవు. 63 అంతే. ఇంకో ఎస్‌టీఎం-1 రాయండి, లేదంటే దానికి నాలుగింతల ఎస్‌టీఎం-4 రాయండి, అందులో 252 పడతాయి. గుడ్ నైట్.

కొత్త_స్ప్లైసర్ | సోమవారం రాత్రి 9:53

మా సీనియరూ ఇంతే చెప్పారండి 🙂 ఎందుకు అన్నదే నా బాధ.

ముప్పై_చానెళ్లు | సోమవారం రాత్రి 10:34

రాజా గారు చెప్పింది పరీక్షలో మార్కు పడే జవాబు. రిటైరైనవాణ్ణి, నాకు తీరిక ఉంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

అన్నిటికీ మూలం సెకనుకు 8000. ఫోన్లో మనిషి గొంతుకు 4 కిలోహెర్ట్జ్ చాలనుకున్నారు. దానికి రెట్టింపు, అంటే సెకనుకు 8000 సార్లు శాంపిల్ తీయాలి. శాంపిల్‌కు 8 బిట్లు, కాబట్టి ఒక గొంతుకు 64 కేబీపీఎస్. ఇంకోలా చెబితే ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక బైటు. అలాంటి బైట్లు 32 వరసగా పేరిస్తే ఈ1. 32 × 64 = 2048 కేబీపీఎస్. సున్నా నంబరు స్లాట్ ఫ్రేమ్ గుర్తుపట్టడానికి, 16వది సిగ్నలింగ్‌కి పోతే మాటలకు మిగిలేవి 30. నా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

ఎస్‌టీఎం-1 కూడా అదే 125 మైక్రోసెకన్ల చట్రం. నిలువు వరసలు 270, అడ్డ వరసలు 9, గడికి ఒక బైటు. 270 × 9 × 8 × 8000 కొట్టి చూడండి, మీ 155.52 ఎంబీపీఎస్ వస్తుంది.

మీరు దీన్ని గంగాళం అనుకున్నారు. గంగాళమైతే ఎన్ని చెంబులు పడతాయో భాగించి చెప్పొచ్చు. ఇది ఇడ్లీ పాత్ర. పిండి ఎంత ఉందన్నది ఇక్కడ లెక్క కాదు, గుంటలెన్ని ఉన్నాయో అది లెక్క.

270 వరసల్లో మొదటి 9 సెక్షన్ ఓవర్‌హెడ్‌కి పోతాయి, అది పాత్ర అంచు. మిగిలిన 261లో ఒకటి పాత్ ఓవర్‌హెడ్, రెండు ఊరికే నింపి వదిలేసేవి. ఇక ఉన్నవి 258. వీటిలో 86 వరసల స్టాండ్లు మూడు, వాటి పేరు టగ్-3. ఒక్కో స్టాండులో రెండు వరసలు కాడకు పోతే 84, అందులో 12 వరసల ప్లేట్లు ఏడు, వాటి పేరు టగ్-2. ప్లేటుకు మూడు గుంటలు, ఒక్కోటి నాలుగు వరసల వెడల్పు, దాన్ని టీయూ-12 అంటాం. 3 × 7 × 3. మీ సీనియర్ నవ్వింది ఈ 63 కోసమే.

ఒక గుంటలో 36 బైట్లు, అంటే 2.304 ఎంబీపీఎస్ జాగా. మీ ఈ1 అందులో 2.048 తీసుకుంటుంది. మిగిలిన సందులో పాయింటర్, పాత్ ఓవర్‌హెడ్, గడియారాల తేడా సర్దుకునే బిట్లు కూర్చుంటాయి. అది వృథా కాదు. 155లో ఉన్న ఒక్క ఈ1ని మిగతావాటిని కదపకుండా మధ్య ఊళ్లో దించుకోగలుగుతున్నారంటే దాని పుణ్యమే.

డల్లాస్_మామ | సోమవారం రాత్రి 11:05

బాబాయ్, ఇడ్లీ పాత్ర అదిరింది. అదే ప్లేటుకు మా వైపు చిన్న గుంటలు నాలుగు కొడతారు. వరసలు అవే 12, మూడేసి వరసల గుంటలు నాలుగు. గుంటకు 27 బైట్లు, 1.728 ఎంబీపీఎస్. అందులో టీ1 (మీ ఈ1 లాంటి అమెరికా లైను) కూర్చుంటుంది. 4 × 7 × 3 = 84. ఇక్కడ ఓసీ-3 (మీ ఎస్‌టీఎం-1 వేగానికి అమెరికా పేరు) అంటే 84 టీ1లు. 155.52ని 1.544తో భాగిస్తే వందకు పైనే వస్తుంది, ఎవరూ ఆ లెక్క వేయరు.

టీ1 అంకె ఎందుకంత వంకరగా ఉంటుందో కూడా చెబుతా. 24 గొంతులు, గొంతుకు 8 బిట్లు, మొత్తం 192. ఫ్రేమ్ గుర్తుకు ఒక్క బిట్టు కలిపితే 193. 193 × 8000 = 1.544 ఎంబీపీఎస్. అమెరికాలో బెల్ టెలిఫోన్ వాళ్లు 1962లో వాడుకలోకి తెచ్చారు. తర్వాత యూరప్ వాళ్లు ఒక్క బిట్టుతో సరిపెట్టకుండా ఏకంగా ఒక స్లాటే గుర్తుకు ఇచ్చేసి 32 చేశారు. మనం యూరప్ దారి పట్టాం. జపాన్ వాళ్లు 1.544తో బయల్దేరి, మూడో మెట్టు దగ్గర 32.064 అని తమ దారి తాము చూసుకున్నారు.

ఈ తేడాతో నేను తిన్న దెబ్బ ఒకటుంది. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌కు ఇటు వైపు లెక్క నేనే వేశాను. నాలుగు ఈ1లంటే 120 గొంతులు, అయిదు టీ1లంటే కూడా 120 గొంతులు. సరిసమానం కదా అని సంతకం పెట్టాను. రెండు వైపులా పీఆర్ఐ (సిగ్నలింగ్‌కు ఒక స్లాట్ పూర్తిగా ఇచ్చే ఐఎస్‌డీఎన్ లైను) అన్న సంగతి మరిచిపోయాను. ఈ1 పీఆర్ఐలో సిగ్నలింగ్‌కి స్లాట్ పోయాక కూడా 30 ఉంటాయి. టీ1లో ఆ 24లోంచే ఒకటి పోతుంది, మిగిలేది 23. అటు 120, ఇటు 115. రద్దీ వేళ ప్రతిరోజూ కొన్ని కాల్స్ ఎందుకు తిరిగి వస్తున్నాయో తెలియక రెండు వారాలు అందరి మీదా అరిచాను.

పాత_ట్రంక్ | మంగళవారం ఉదయం 6:12

అందరూ 63 అని భజన చేస్తున్నారు. నేను ఒప్పుకోను. మా రోజుల్లో 140 ఎంబీ సిస్టంలో 64 ఈ1లు పోయేవి. ఆ 140ని అలాగే ఎస్‌టీఎం-1లో పెట్టి నడిపాం. కాబట్టి 64 పడతాయి.

ఓఎఫ్‌సీ_రాజా | మంగళవారం ఉదయం 7:30

63 సార్. పుస్తకం చూడండి.

పాత_ట్రంక్ | మంగళవారం ఉదయం 7:34

పుస్తకం కాదు నాయనా, ఈ చేతులతో ప్యాచ్ వేశాను.

ముప్పై_చానెళ్లు | మంగళవారం ఉదయం 9:15

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ ప్రశ్నలో అసలు రుచి ఇక్కడే ఉంది.

పీడీహెచ్‌లో మెట్లు ఇలా ఉంటాయి. నాలుగు ఈ1లు ఒక ఈ2, 8.448. నాలుగు ఈ2లు ఒక ఈ3, 34.368. నాలుగు ఈ3లు ఒక ఈ4, 139.264. చివరికి 64 ఈ1లు. ఈ 64ను 2.048తో గుణిస్తే 131.072 మాత్రమే, మిగతా 8 ఎంబీపీఎస్ సంగతేమిటని అడగొచ్చు. ఒక్కో ఈ1 ఒక్కో ఊళ్లో, ఒక్కో గడియారం మీద పుడుతుంది. 50 పీపీఎం (పది లక్షలకు 50) అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. నాలుగు వేర్వేరు గడియారాల బిట్లను ఒకే వరసలో నడిపించాలంటే వెనకబడ్డవాడికి మధ్యలో ఉత్తుత్తి బిట్టు వేసి సర్దాలి. ఆ సర్దుబాటు ప్రతి మెట్టులోనూ ఉంటుంది కాబట్టే ఏ మెట్టూ కిందిదానికి సరిగ్గా నాలుగు రెట్లు కాదు.

ట్రంక్ గారి 140 మొత్తం ఒకే సి-4 డబ్బాలో, 149.76 ఎంబీపీఎస్ జాగాలో కూర్చుంటుంది. అంటే ఇడ్లీ స్టాండ్లన్నీ తీసేసి పాత్రలో ఒకే పెద్ద కుడుము ఉడకబెట్టినట్టు. అందులో 64 ఉన్న మాట నిజం. కానీ దారిలో ఒక్క ఈ1 దించాలంటే మొత్తం 140ని దించి, 34కి, 8కి, 2కి విప్పి, మళ్లీ ఎక్కించాలి. బీరువాల నిండా మక్స్‌లు (లైన్లను కలిపి, విప్పే పెట్టెలు) ఉండేవి అందుకే.

ఇంకో విచిత్రం. అదే ఎస్‌టీఎం-1లో ఈ3లు పెడితే పట్టేవి మూడే. మూడింటిలో ఈ1లు 48. అదే ఫైబరు, అదే 155.52. ఈ4గా పెడితే 64, విడివిడిగా పెడితే 63, ఈ3లుగా పెడితే 48.

డల్లాస్_మామ | మంగళవారం ఉదయం 9:40

ఆ 48 పాపంలో మా వాటా ఉంది. అక్కడ ఈ3 కూర్చునే డబ్బాను అమెరికా డీఎస్3 (మా వైపు మీ ఈ3 లాంటి మెట్టు) కొలతకు కుట్టారు. డీఎస్3 44.736, డబ్బాలో జాగా 48.384, హాయిగా పడుతుంది. మీ ఈ3 34.368 అందులో పడితే తండ్రి చొక్కా కొడుకు తొడుక్కున్నట్టే.

సోనెట్ (ఎస్‌డీహెచ్‌కు అమెరికా రూపం) మూల వేగం 51.84. మూడింతలు చేస్తే 155.52. ఒకటి మా డీఎస్3కి, మూడు కలిస్తే మీ ఈ4కి. రెండు ఖండాల పాత సామాను పట్టేలా కుదుర్చుకున్న రాజీ అది, 1988లో అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ ప్రమాణాల్లోకి ఎక్కింది. అందుకే పై మెట్లలో గొడవ లేదు: ఓసీ-12 అంటే ఎస్‌టీఎం-4, 622.08. ఓసీ-48 అంటే ఎస్‌టీఎం-16, 2488.32. ఓసీ-192 అంటే ఎస్‌టీఎం-64, 9953.28. సోనెట్ అంకెను మూడుతో భాగిస్తే ఎస్‌టీఎం అంకె. భాగహారం నిజంగా పనికొచ్చేది ఇక్కడ ఒక్కచోటే.

బీటెక్_ఫైనలియర్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

చిన్న డౌట్. ఈ1ని అందరూ 2 ఎంబీ అంటారు. 2048ని 1024తో భాగిస్తే సరిగ్గా 2. అంటే సెకనుకు 2 మెగాబైట్ల ఫైల్ దిగుతుందా?

టెస్ట్_కిట్ | మంగళవారం మధ్యాహ్నం 1:48

దిగదు. రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, ఇవి బిట్లు. బైట్లు కావాలంటే 8తో భాగించాలి, సెకనుకు 256 కిలోబైట్లు. రెండు, టెలికాంలో కిలో అంటే 1000. ఆ 2048కి 1024తో చుట్టరికం లేదు, 32ని 64తో గుణిస్తే అలా వచ్చింది, అంతే. 1 జీబీ ఫైలుకు దగ్గర దగ్గర గంటా అయిదు నిమిషాలు పడుతుంది. హెడర్లు కలిపితే ఇంకా ఎక్కువ.

కొత్త_స్ప్లైసర్ గారూ, మీ రింగ్ మీద ఈథర్‌నెట్ కూడా ఇస్తారా? ఇస్తే ఇప్పుడే జాగ్రత్త పడండి. నేనొక లింకు అప్పగించడానికి వెళ్లాను, ఎవరిదో చెప్పను. కాగితం మీద 100 ఎంబీపీఎస్. కిట్ పెట్టి 64 బైట్ల ఫ్రేములు కొట్టాను, నూటికి నూరు. 1518 బైట్లవి కొట్టాను, 97 దగ్గర ఆగింది. చిన్న ప్యాకెట్లు కష్టం, పెద్దవి తేలిక అని మనం చదువుకున్నది. ఇక్కడ తిరగబడింది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, కిట్‌నే అనుమానించాను.

తీరా చూస్తే ఆ 100ని రెండు వీసీ-3 డబ్బాల్లో (మామ గారు చెప్పిన డీఎస్3 కొలతవి) పెట్టారు. 48.384 రెండింతలు 96.768. ఈథర్‌నెట్‌లో ప్రతి ఫ్రేముకూ ముందు ప్రీయాంబుల్, వెనక ఖాళీ కలిపి 20 బైట్లు తీగ మీద పోతాయి. ఎస్‌డీహెచ్‌లోకి ఎక్కించే జీఎఫ్‌పీ ఆ 20నీ పారేసి తన 8 బైట్లు పెడుతుంది. చిన్న ఫ్రేములకు ఆ 12 బైట్ల ఆదా పెద్దది, అందుకే 64 బైట్లవి పూర్తి వేగంతో వచ్చినా లోపల 86 ఎంబీపీఎస్ కూడా దాటవు. 1518 బైట్లవైతే లోపల 99 దాటుతాయి, డబ్బా చాలదు. నా లెక్కలో 350 బైట్ల చుట్టుపక్కల గీత పడుతుంది.

అదే 46 వీసీ-12లు (ఈ1 గుంటలో కూర్చునే చిన్న డబ్బాలు) జత కట్టి ఉంటే 46 × 2.176 = 100.096, ఏ పేచీ లేదు. అయితే రెండు వీసీ-3లు రెండు స్టాండ్లు తింటే 21 ఈ1ల జాగా మిగులుతుంది, 46 తింటే 17 మిగులుతాయి. ఎవరో నాలుగు ఈ1లు మిగుల్చుకున్నారు, నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

ఓఎఫ్‌సీ_రాజా | మంగళవారం మధ్యాహ్నం 2:10

ఈ సంగతి నాకు తెలియదు. గుర్తు పెట్టుకుంటా. గిగాబిట్‌కు ఏడు వీసీ-4లు (ఆ 140 పట్టే పెద్ద డబ్బాలు) పెట్టడం మాత్రం చూశాను, 1048.32.

ఎంపీఎల్ఎస్_మావయ్య | మంగళవారం సాయంత్రం 6:30

ఈ రోజుల్లో ఎస్‌డీహెచ్ కొనడమేంటండీ? ప్యాకెట్ రింగ్ వేసి, ఈ1లను సూడోవైర్లలో (ఈ1 బిట్లను ప్యాకెట్లుగా మోసే దారుల్లో) పంపేయండి. గిగాబిట్ ఉంటే 68 ఏమిటి, 300 పడతాయి.

కొత్త_స్ప్లైసర్ | మంగళవారం సాయంత్రం 6:41

మావయ్య గారూ, 68 ఈ1లకు అప్పుడు ఎంత పడుతుంది? 68 × 2.048 = 139.264 అని మళ్లీ గుణిస్తే తిడతారేమో.

(అరె, ఇది సరిగ్గా ఈ4 అంకె కదా! 64 ఈ1లకు సర్దుబాట్లతో కలిపి వచ్చినంత!)

ఎంపీఎల్ఎస్_మావయ్య | మంగళవారం సాయంత్రం 7:20

హహ, దాన్ని నేనూ ఎప్పుడూ గమనించలేదు. 139.264ని 2.048తో భాగిస్తే కచ్చితంగా 68.

మీ లెక్క. ఈ1 ఫ్రేము లోపల ఏముందో చూడకుండా బిట్లను ముక్కలు చేసి పంపే పద్ధతి సాటాప్. మామూలుగా ప్యాకెట్‌కు 256 బైట్లు, అంటే సరిగ్గా ఒక మిల్లీసెకను పిండి, సెకనుకు 1000 ప్యాకెట్లు. కంట్రోల్ వర్డ్ 4, రెండు ఎంపీఎల్ఎస్ లేబుళ్లకు 8, ఈథర్‌నెట్ 18, తీగ మీద పోయే 20. మొత్తం 306 బైట్లు. ఈ1కి 2.448 ఎంబీపీఎస్. 68కి 166.5.

ఆలస్యం తగ్గించాలని ఎవరైనా ప్యాకెట్‌కు 64 బైట్లే పెడితే అవే హెడర్లు నాలుగు రెట్లు పోతాయి, ఒక్క ఈ1కి 3.648. అంటే ఇక్కడ గుంట పరిమాణం మీరే నిర్ణయిస్తారు.

రైలు_కంట్రోల్ | మంగళవారం రాత్రి 8:55

సికింద్రాబాద్ ఇరిసెట్‌లో (రైల్వే సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ) ట్రైనింగ్ అయినవాణ్ణి. మావయ్య గారి లెక్క బాగుంది, గడియారం సంగతి మాత్రం చెప్పలేదు. ప్యాకెట్లకు గడియారం ఉండదు. అటు చివర ఈ1ని మళ్లీ అదే వేగంతో పుట్టించాలి. రెండు చివరల మధ్య ఒక్క పీపీఎం తేడా ఉన్నా 125 సెకన్లకు ఒక ఫ్రేము జారుతుంది. 50 పీపీఎం అయితే రెండున్నర సెకన్లకు ఒకటి. మాట్లాడేవాడికి టిక్కుమని వినిపిస్తుంది, ఫ్యాక్స్ అయితే పేజీ చెడుతుంది. సింక్రనస్ ఈథర్‌నెట్ (గడియారాన్ని కూడా మోసే ఈథర్‌నెట్) లాంటిదేదో ఉంటేనే ఆ దారి పట్టండి. అది లేకుండా వేగం ఒక్కటే చూసి కొంటే తర్వాత సైట్ల చుట్టూ తిరగాల్సింది మీరే.

10జీ_బాధితుడు | బుధవారం ఉదయం 10:05

పైన ఎవరో ఎస్‌టీఎం-64 అంటే 9953.28 అన్నారు. అందరూ దాన్ని 10జీ అంటారు, 10 గిగాబిట్ ఈథర్‌నెట్‌ను కూడా 10జీ అంటారు. రెండూ ఒకటి కావు. ఈథర్‌నెట్ మామూలుగా ఫైబర్ మీద 10.3125 గిగాబిట్ల వేగంతో పోతుంది, ఎస్‌టీఎం-64లో పట్టదు. పట్టాలని వాన్ ఫై అని ఒకటి చేశారు, అందులో డేటాకు 9.29 దాకానే దొరుకుతుంది. ఓటీఎన్‌కు (ఎస్‌డీహెచ్ తర్వాతి తరం ఫైబర్ ట్రాన్స్‌మిషన్) వెళ్తే ఎస్‌టీఎం-64కు ఓటీయూ2, 10.709, పూర్తి ఈథర్‌నెట్‌కు ఓటీయూ2ఈ, 11.096. నాకు ఒక చివర ఒకటి, ఇంకో చివర ఇంకొకటి వచ్చాయి. లైట్ పవర్ బంగారంలా ఉంది, లింకు మాత్రం లేవలేదు.

ముప్పై_చానెళ్లు | బుధవారం రాత్రి 9:30

కొత్త_స్ప్లైసర్ బాబూ, కొటేషన్ సర్దుకున్నాక కట్‌ఓవర్ రోజున (పాతదాని నుంచి కొత్తదానికి మార్చే రోజు) ఇంకో గొయ్యి ఉంది, ముందే చెబుతున్నా.

63 గుంటలకు చిరునామా మూడంకెల్లో ఉంటుంది: స్టాండు, ప్లేటు, గుంట. 1-1-1 నుంచి 3-7-3 దాకా. దాన్ని 1 నుంచి 63 దాకా వరస నంబరుగా మార్చేటప్పుడు అన్ని కంపెనీలూ ఒకే దారిలో పోవు. కొందరు మొదటి స్టాండు పూర్తిగా నింపి రెండోదానికి వెళ్తారు, వాళ్లకు 2వ ఈ1 అంటే 1-1-2. కొందరు గడులు వచ్చే వరసలో స్టాండ్లు మారుతూ పోతారు, వాళ్లకు 2వది 2-1-1, 1-1-2 ఏమో 22వది.

నేను పనిచేసిన ఒకచోట రెండు వైపులా రెండు రకాల పెట్టెలు. మొదటి ఈ1 టెస్ట్ చేశాం, బాగుంది. చివరిది చేశాం, బాగుంది. అనుమానం తీరాలని సరిగ్గా మధ్యలోని 32వది కూడా చేశాం, అదీ బాగుంది. సంతకాలు పెట్టేసి టిఫిన్‌కు వెళ్లాం. తెల్లారేసరికి ఒక ఊరి ఫోన్లు ఇంకో ఊళ్లో మోగుతున్నాయి. స్టాండు నంబరూ గుంట నంబరూ ఒకటే అయిన చోట రెండు లెక్కలూ కలుస్తాయి. 1, 32, 63 మూడూ అలాంటివే. 63లో అలా కలిసేవి 21, మిగతా 42 తారుమారు.

కొత్త_స్ప్లైసర్ | శుక్రవారం రాత్రి 10:15

అందరికీ థాంక్స్. మీటింగ్ అయింది. తప్పు నాదే అని ముందే ఒప్పుకున్నాను, కస్టమర్ ఏమీ అనలేదు. రిజిస్టర్ పట్టుకుని సైట్లన్నీ ఒకసారి తిరుగుదామన్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ సాయంత్రం దాకా తిరిగాం. 68లో ఏడింటికి డీడీఎఫ్ (ఈ1 తీగలు కలిపే ఫ్రేము) దగ్గర లూప్ వేసి ఉంది, అంటే పంపినది తిరిగి తనకే వచ్చేలా, ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు. ఆ లూప్ వల్లే అలారం రాక ఇన్నేళ్లూ నడుస్తున్నట్టు లెక్కలో ఉండిపోయాయి. నిజంగా నడుస్తున్నవి 61. మా సీనియర్ మళ్లీ నవ్వారు.

అయినా ఎస్‌టీఎం-4కే రాశాను, రెండే మిగులు పెట్టుకుని పడుకోలేను. కట్‌ఓవర్ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు. రెండు వైపులా పెట్టెలు వేర్వేరు కంపెనీలవే. ముందుగా 2వది, 22వది టెస్ట్ చేస్తాను.

డల్లాస్_మామ | శుక్రవారం రాత్రి 10:22

మాకు అప్పుడు శనివారం మధ్యాహ్నం మూడున్నర. లైన్లోనే ఉంటా. ఏదైనా తేడా వస్తే ఇక్కడే రాయండి, మూడంకెల చిరునామాతో సహా.